కడుపుతో ఉన్నప్పుడు బెల్టు, పురుడయ్యాక నడికట్టు: ఎంతవరకు మేలు?

ముందు ప్రశ్న ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. అడిగిన చెల్లెమ్మ గుంటూరులో ఒక చీరల షోరూమ్‌లో పనిచేస్తారు. మొదటి కాన్పు, 25వ వారం నడుస్తోంది. రోజుకు తొమ్మిది గంటలు నిలబడే పని. సాయంత్రమయ్యేసరికి నడుము కింద, ఒక పక్క పిరుదు పైన సూదితో పొడిచినట్టు నొప్పి. మెట్లు దిగేటప్పుడు గజ్జల్లో లాగుతోందట. తోటి ఉద్యోగిని బెల్టు పెట్టుకోమంది. అత్తగారేమో "పొట్ట మీద బెల్టేమిటి, లోపల బిడ్డ నలిగిపోతుంది" అంటున్నారు. పురుడయ్యాక మాత్రం నలభై రోజులూ రాత్రింబవళ్లు నడికట్టు విప్పకూడదని ఆవిడే చెబుతున్నారట. ఎవరి మాట వినాలి, అక్క రెండేళ్ల కిందట వాడిన బెల్టు ఇంట్లో ఉంది, అది పెట్టుకోవచ్చా అన్నది ప్రశ్న.

నేను ఫిజియోథెరపిస్టుని. రాజమండ్రిలో పదిహేడేళ్లుగా గర్భిణులు, బాలింతల నడుము నొప్పులే ఎక్కువగా చూస్తున్నాను. నా జవాబు ఇది:

బెల్టు పెట్టుకోవచ్చు. మీకు చూస్తున్న డాక్టరమ్మను ఒక మాట అడిగి, నిలబడి పనిచేసే గంటల్లో మాత్రమే, పొట్ట మీద కాకుండా పొట్ట కిందుగా పెట్టుకోండి. సరిగా పెట్టుకుంటే బిడ్డకు ఏమీ కాదు. పురుడయ్యాక కట్టు కూడా కొన్నాళ్లు సాయంగా ఉంటుంది. కానీ రాత్రింబవళ్లు అక్కర్లేదు, నలభై రోజుల లెక్కా అక్కర్లేదు. పొట్ట తగ్గించే శక్తి ఏ కట్టుకూ లేదు.

ఇక వివరంగా.

ఈ నొప్పి ఎందుకు వస్తుందో తెలిస్తే బెల్టు ఎక్కడ ఉండాలో దానంతట అదే అర్థమవుతుంది. మన తుంటి భాగం ఎముకల చట్రం ఒక చక్రంలాంటిది. వెనక నడుము కింద రెండు కీళ్లు, ముందు పొత్తికడుపు కింద ఒక కీలు, ఈ మూడూ కలిసి ఆ చక్రాన్ని పట్టి ఉంచుతాయి. మామూలుగా ఇవి కదలీ కదలనట్టు ఉంటాయి. కడుపుతో ఉన్నప్పుడు రిలాక్సిన్ లాంటి హార్మోన్ల వల్ల ఆ కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు వదులవుతాయి. బిడ్డ బయటికి రావడానికి దారి కావాలి కదా, అందుకని. మరోపక్క ముందు పొట్ట బరువు పెరుగుతుంది, ఆ బరువుకు సరిపోయేట్టు మనం తెలియకుండానే నడుము లోపలికి వంచి, వెనక్కి వాలి నిలబడతాం. వదులైన కీళ్ల మీద ఈ బరువు గంటల తరబడి పడితే సాయంత్రానికి ఆ పోటు వస్తుంది. మెట్లు దిగేటప్పుడు ఒంటికాలి మీద బరువు పడుతుంది కాబట్టి గజ్జల్లో లాగుతుంది. మీరు చెప్పిన లక్షణాలు సరిగ్గా ఇవే.

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూసి ఉంటారు. ఆకులు వదులుకాకుండా ఆ పట్టా బయటి నుంచి పట్టి ఉంచుతుంది. తుంటి ఎముకల చక్రానికి బెల్టు చేసే సాయం కూడా అలాంటిదే. అది పట్టుకోవలసింది ఎముకను. పొట్టను కాదు.

అందుకే మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారేయను. గర్భసంచి గోడ మందంగా ఉంటుంది, లోపల ఉమ్మనీరు ఉంటుంది, మెత్తటి బెల్టుకు బిడ్డ నలిగిపోదు. కానీ పొట్ట నడిమధ్యలో బిగించి కడితే తల్లికి ఇబ్బందే. ఊపిరి పైపైనే ఆడుతుంది, తిన్నది పైకి తన్ని గుండెల్లో మంట వస్తుంది, కాళ్ల నుంచి రక్తం పైకి రావడం మందగించి పాదాలు ఇంకా పొంగుతాయి, కిందికి ఒత్తిడి పడి మూత్రం ఆగదు. పెద్దవాళ్లు ఇలాంటి వాళ్లను ఎవరినో చూసే ఉంటారు. ఆవిడకు బెల్టు ఎక్కడ పెడుతున్నారో ఒకసారి చూపించండి. మా దగ్గరికి వచ్చే అత్తగార్లలో చాలామంది చూశాక ఒప్పుకుంటారు.

మీకు ఏ రకం బెల్టు పనికొస్తుందో చేతులతోనే తెలుసుకోవచ్చు. మందుల షాపుల్లో గర్భిణుల బెల్టు అని అమ్మేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వెడల్పుగా ఉండి, పొట్టను కింద నుంచి కాస్త ఎత్తి పట్టేది. రెండోది నాలుగు వేళ్ల వెడల్పుతో తుంటి చుట్టూ వచ్చేది. నిలబడి మీ రెండు అరచేతులనూ పొట్ట అడుగున పెట్టి, ఆ బరువును మెల్లగా పైకి ఎత్తి పట్టుకోండి. నడుముకు ప్రాణం లేచి వచ్చినట్టు అనిపిస్తే మొదటి రకం సాయపడుతుంది. తర్వాత మీ ఆయననో అత్తగారినో వెనక నిలబడమని, తుంటికి రెండు పక్కలా అరచేతులు ఆనించి లోపలికి నొక్కి పట్టమనండి. అలా పట్టుకున్నప్పుడు నాలుగు అడుగులు వేస్తే నొప్పి తగ్గిందా? అయితే రెండో రకం కావాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు రెండోదే ఎక్కువ ఉపయోగపడుతుందని నాకు అనిపిస్తోంది. రెంటికీ ఏ మార్పూ లేకపోతే డబ్బు తగలేయకండి, నొప్పికి కారణం వేరే ఉంది, చూపించుకోండి.

కొలత కూడా పొట్ట చుట్టూ కాదు. పొట్ట కింద నుంచి తుంటి చుట్టూ టేపు తిప్పి కొలవాలి. నెలలు నిండాక కూడా పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొనకండి. అది నిలవదు, నడుస్తుంటే పైకి జరిగి పొట్ట మీదికి ఎక్కుతుంది.

ఇప్పుడు పెట్టుకునే పద్ధతి. దీని మీద ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే బెల్టు వల్ల లాభం లేదని మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దాన్ని నాలుగు అంగుళాలు పైకి పెట్టుకున్నవాళ్లే.

పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఒళ్లు తేలిగ్గా ఉన్నప్పుడు పెట్టుకోండి. ఒంటికి నేరుగా తగలకుండా లోపల పల్చటి నూలు బట్ట ఉండాలి. బెల్టు మధ్యభాగాన్ని వెనక్కి తీసుకెళ్లండి. నడుము వంపులో కాదు, అంతకంటే కింద, పిరుదులు మొదలయ్యే చోట ఆ గట్టి పలక ఎముక మీద ఆనించండి. రెండు కొసలనూ పక్కల నుంచి ముందుకు తెచ్చేటప్పుడు తుంటి పక్క ఉబ్బెత్తు ఎముకలకు కాస్త పైగా రావాలి. ముందు, పొట్టను ఒక చేత్తో కొంచెం పైకి ఎత్తి, దాని అడుగున పొత్తికడుపు చివర గట్టిగా చేతికి తగిలే ఎముక ఉంటుంది చూడండి, సరిగ్గా దాని మీద కొసలు కలిపి అంటించండి. రెండు చేతులతో సమానంగా లాగండి. ఒకవైపే లాగితే సాయంత్రానికి ఒకవైపే నొప్పి పెరుగుతుంది.

అంటించాక మూడు పనులు చేసి చూడండి. బెల్టుకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. నిండా ఊపిరి పీల్చి, ఎదుటి మనిషితో ఒక పెద్ద మాట ఆగకుండా చెప్పగలగాలి. కుర్చీలో కూర్చుంటే అది పొట్టలోకి గుచ్చుకోకూడదు. ఈ మూడింట్లో ఏది తేడా వచ్చినా విప్పి మళ్లీ పెట్టుకోండి. తొడ బయటివైపు తిమ్మిరి, మంట మొదలైతే బిగువు ఎక్కువైందని, అక్కడి నరం నొక్కుకుపోతోందని అర్థం. విప్పిన అరగంట తర్వాత కూడా ఎర్రటి గీత మిగిలి ఉంటే అదీ ఎక్కువే.

రెండు గంటలు, మహా అయితే మూడు గంటలు, ఆ తర్వాత అరగంట విప్పేయాలి. షోరూమ్‌లో రద్దీ ఉండే వేళకు పెట్టుకోండి. భోజనానికి కూర్చునేటప్పుడు, ఇంటికొచ్చి నడుము వాల్చేటప్పుడు వద్దు. నిద్రలో అసలే వద్దు. రోజంతా బెల్టుతో ఉంటే మన కండరాలు తమ పని తాము చేయడం తగ్గిస్తాయి. విప్పగానే నొప్పి ముందుకంటే ఎక్కువగా ఉందనిపిస్తే వాడకం ఎక్కువైందనే లెక్క.

చీర కట్టుకునే ఉద్యోగం కాబట్టి ఒక మాట. బెల్టు గురించి ఇంత అడుగుతాం కానీ లంగా నాడా గురించి ఎవరూ అడగరు. ఆరో నెలలో కూడా ఆ సన్నటి తాడును పొట్ట మీద బిగించి ముడేసుకుని వస్తారు, విప్పి చూస్తే చర్మం మీద వేలు పట్టేంత గాడి పడి ఉంటుంది. బెల్టు కంటే అది ఎక్కువ కోస్తుంది. నాడా తీసేసి వెడల్పాటి ఎలాస్టిక్ వేయించుకోండి, పొట్ట కిందికి దించి కట్టుకోండి. యూనిఫాం చీరే అయినా లోపల లంగా మీ ఇష్టమే కదా.

ఇంకొకటి. బెల్టు, చీర, ఇవన్నీ విప్పుకుని బాత్రూమ్‌కి వెళ్లడం కష్టమని నీళ్లు తాగడం మానేసే అమ్మాయిలను చాలామందిని చూశాను. దయచేసి అలా చేయకండి. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు అది కిడ్నీల దాకా పాకితే జ్వరం, చలి, నెలలు నిండకుండానే నొప్పులు కూడా రావచ్చు. ఆ నొప్పి కూడా నడుములోనే మొదలవుతుంది, మనం బెల్టు ఇంకాస్త బిగిస్తాం. నీళ్లు తాగడానికి అడ్డమయ్యే బెల్టు అయితే బెల్టునే పక్కన పెట్టండి. మన ఎండలకు చెమట కూడా సమస్యే. పొట్ట మడత కింద తడి నిలిస్తే ఒరుపు, దురద, ఎర్రటి పొక్కులు వస్తాయి. వీలైతే రెండు బెల్టులు ఉంచుకుని ఒకటి ఉతికి ఆరేసుకోండి.

బెల్టు కంటే ఎక్కువ పనిచేసేవి వేరే ఉన్నాయి. పరిశోధనల్లో కూడా కడుపుతో ఉన్నవాళ్ల నడుము నొప్పికి బెల్టు కంటే వ్యాయామానికే ఎక్కువ ఆధారం ఉంది. నేను ఏ గర్భిణికీ ఉత్త బెల్టు రాసి పంపను. ఇవి చెబుతాను:

పొద్దున, సాయంత్రం మంచం మీద చేతులు, మోకాళ్లు ఆనించి గోమాతలా నిలబడి, ఊపిరి వదులుతూ వీపును మెల్లగా పైకి గుండ్రంగా ఎత్తడం, ఊపిరి పీలుస్తూ మళ్లీ మామూలుగా తేవడం, పదిసార్లు. తర్వాత కింది కండరాలకు: మూత్రాన్ని, గాలిని రెంటినీ ఆపుకుంటున్నట్టు లోపలికీ పైకీ బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదిలేయడం, పదిసార్లు, ఊపిరి బిగపట్టకుండా. నిజంగా మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయొద్దు. ఆ పద్ధతి మంచిది కాదు.

షోరూమ్‌లో కౌంటర్ వెనక ఒక చిన్న పీట వేయించుకుని కాసేపు ఒక పాదం, కాసేపు ఇంకో పాదం దాని మీద పెట్టి నిలబడండి. నడుము వంపు తగ్గుతుంది. గంటకు అయిదు నిమిషాలైనా కూర్చోండి. ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు, లెగ్గింగ్ వేసుకోకండి, కూర్చుని వేసుకోండి. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. లేచేటప్పుడు ఉన్నపళంగా లేవకుండా ఒక పక్కకు ఒరిగి, కాళ్లు మంచం కిందికి దించి, చేత్తో నెట్టుకుంటూ లేవండి. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ కలుపుకుని దిగండి. బెల్టు పెట్టుకున్నాక హాయిగా ఉంది కదా అని పట్టుచీరల కట్టలు ఎత్తడం మాత్రం చేయకండి. బెల్టు నొప్పిని తగ్గిస్తుంది, బలం ఇవ్వదు.

కూర్చోనివ్వరండీ అంటారేమో. 2020 సామాజిక భద్రత కోడ్ అనే చట్టంలో ఒక మాట ఉంది, చాలామందికి తెలియదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే దుకాణాలకు కూడా అది వర్తిస్తుంది. ప్రసవం తేదీకి ఆరు వారాల ముందు కాలం ఉంటుంది కదా, దానికి ముందు నెల రోజులు, అంటే సుమారు 30వ వారం నుంచి, గర్భిణి అడిగితే ఎక్కువసేపు నిలబడే పని, శ్రమ ఎక్కువైన పని ఆమెతో చేయించకూడదు. ఆ ఆరు వారాల్లో సెలవు తీసుకోకుండా పనికి వచ్చే రోజులకూ ఇదే వర్తిస్తుంది. దీనికి ముందున్న 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనూ ఈ నియమం ఉండేది. "అడిగితే" అన్నది ముఖ్యం, కాబట్టి కాగితం మీద రాసి ఇవ్వండి. మీకు ఆ సమయం ఇంకో నెలలో వస్తుంది. డాక్టరమ్మ చేత రెండు ముక్కలు రాయించుకుని జత చేస్తే ఇంకా మంచిది.

డాక్టరమ్మను అడగకుండా బెల్టు జోలికి వెళ్లకూడనివాళ్లు: బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, మాయ కిందికి ఉందని స్కాన్‌లో చెప్పినవాళ్లు, మధ్యలో ఎప్పుడైనా రక్తం కనిపించినవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినవాళ్లు, బిడ్డ ఎదుగుదల తక్కువ ఉందని చెప్పినవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు. మీకు ఇవేవీ లేవని రాశారు. అయినా వచ్చే చెకప్‌లో చెప్పే పెట్టుకోండి.

నడుము నొప్పి ప్రతిసారీ నడుము నొప్పే కాదు. ఇది చెప్పకుండా ఉండలేను. నాలుగైదేళ్ల కిందట ఒకమ్మాయి వాళ్ల అమ్మతో వచ్చింది, 31వ వారం. "రెండు రోజుల నుంచి నడుము పీకుతోంది మేడం, మంచి బెల్టు ఇవ్వండి" అంది. కొలత తీసుకోవడానికి టేపు తిప్పుతుంటే పొట్ట నా చేతి కింద రాయిలా గట్టిపడింది. కాసేపటికి మెత్తబడింది. టేపు పక్కన పెట్టి అరచేయి అలాగే ఉంచి గడియారం చూశాను. ఎనిమిది నిమిషాలకు మళ్లీ గట్టిపడింది, మళ్లీ అదే నడుము పీకుడు. ఆ అమ్మాయికి అవి నొప్పులని తెలియదు, తల్లికీ తట్టలేదు, ఎందుకంటే నెలలు ఇంకా నిండలేదు. వెంటనే ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపాం. సమయానికి వెళ్లడం వల్ల నొప్పులు తగ్గించే మందులు, బిడ్డ ఊపిరితిత్తులకు ఇచ్చే ఇంజెక్షన్లు అందాయి. ఇంకో మూడు వారాలు కడుపులోనే ఆగి పుట్టాడు పిల్లాడు. ఆ రోజు నేను బెల్టు చేతిలో పెట్టి పంపించేసి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి నొప్పి వచ్చి పోతూ, పొట్ట గట్టిపడుతూ ఉన్నా, రక్తం గానీ నీరు గానీ కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, తల పగిలిపోతున్నట్టు నొప్పితో కళ్లు మసకబారినా, మొహం ఉబ్బినా, మూత్రంలో మంటతో జ్వరం వచ్చినా, కాళ్ల మధ్య మొద్దుబారి మూత్రం తెలియకుండా పోతున్నా బెల్టు విప్పి అవతల పెట్టి ఆస్పత్రికి వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. రాత్రయినా ఆగొద్దు.

ఇక పురుడయ్యాక సంగతి.

మన ఇళ్లలో బాలింతకు పాత నూలు చీర మడతపెట్టి నడుముకు చుట్టడం తరతరాలుగా ఉంది. కట్టకపోతే పొట్టలో గాలి చేరుతుందని, పొట్ట జారిపోతుందని అంటారు. గాలి బయటి నుంచి చేరదు. కానీ పొట్ట కండరాలు సాగి పట్టు తప్పి ఉంటాయి, కదలిక తక్కువ, మలబద్ధకం, పేగుల్లో గ్యాస్ ఉబ్బరం ఉంటుంది. లోపలంతా ఖాళీగా, లేచి నిలబడితే పేగులు కిందికి జారిపోతున్నట్టు ఉంటుంది. ఆ స్థితిలో ఒక మెత్తటి ఆధారం హాయిగా ఉంటుంది. పెద్దవాళ్లు కనిపెట్టింది ఈ హాయిని. అందులో తప్పేమీ లేదు.

నాకు సిజేరియన్ అయింది. మర్నాడు పొద్దున నర్సమ్మ లేచి నడవమంటే మంచం అంచు దాకా వచ్చి ఏడ్చాను. మా అమ్మ తన పాత వెంకటగిరి చీర ఒకటి నాలుగు మడతలు వేసి, కుట్టు మీద ఒత్తిడి పడకుండా తుంటి దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టింది. దగ్గు వచ్చినప్పుడు కుట్ల మీద దిండు ఆనించి పట్టుకోమంది. ఆ చీరతో బాత్రూమ్ దాకా నడిచాను. చదివింది ఫిజియోథెరపీయే అయినా ఆ అయిదడుగుల దూరంలో కట్టు విలువ నాకు అమ్మ చేతుల్లోనే తెలిసింది. సిజేరియన్ తర్వాత మొదటి రోజుల్లో కట్టు వల్ల నొప్పి, నడవడంలో ఇబ్బంది కొంత తగ్గుతాయని అధ్యయనాల్లోనూ కనిపించింది. మూడో వారానికి దాని అవసరం తగ్గింది, నెల తిరిగేసరికి మానేశాను.

పొట్ట తగ్గడం వేరే విషయం. ప్రసవం అయిన వెంటనే గర్భసంచి సుమారు కిలో బరువు ఉంటుంది. ఆరు వారాల్లో అది వంద గ్రాముల లోపుకు కుంచించుకుపోతుంది. కట్టు కట్టినా కట్టకపోయినా ఇది జరుగుతుంది, పాలిచ్చినప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ దానికి సాయం చేస్తుంది. పొట్ట మీది కొవ్వు బెల్టుకు కరగదు. సాగిన కండరం బెల్టుకు బలపడదు. "ఇది కట్టుకుంటే నెలలో పాత నడుము" అనే ప్రకటనలు చూసి మూడేసి బెల్టులు కొన్నవాళ్లు నాకు తెలుసు. ఆ డబ్బుతో గుడ్లు, పాలు, ఆకుకూరలు తినండమ్మా.

ఎక్కువ బిగిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మామూలు కాన్పు అయిన ఒక బాలింతకు నలభై రోజులూ రాత్రింబవళ్లు గట్టిగా కట్టారు. అన్నం సయించలేదు, ఊపిరి అందలేదు, విప్పుతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. రెండో నెలలో నా దగ్గరికి వచ్చేసరికి తుమ్మితే మూత్రం పడుతోంది, కింద ఏదో బరువుగా జారుతున్నట్టు ఉంది. అదంతా కట్టు వల్లనే అని నేను అనను, కాన్పులోనే కింది కండరాలు సాగిపోతాయి. కానీ అప్పుడే సాగి, మానుతున్న కండరాల మీదికి పై నుంచి నడుము బిగించి ఒత్తిడి నెడితే అవి కోలుకునేదెప్పుడు? పళ్ల పేస్టు ట్యూబును మధ్యలో పిసికితే లోపలిది ఎటు పోతుందో పొట్టలోనూ అంతే. కట్టు విప్పించి, కింది కండరాల వ్యాయామం మూడు నెలలు చేయించాను. ఇప్పుడు బాగుంది. కానీ ఆ మూడు నెలలు బిడ్డను ఎత్తుకుని బయటికి వెళ్లాలంటే ఆ అమ్మాయి పడ్డ సిగ్గు, బాధ నాకు తెలుసు.

కాబట్టి ఇలా చేయండి. మామూలు కాన్పు అయితే మర్నాటి నుంచి, మీకు హాయిగా అనిపిస్తేనే కట్టుకోండి, కట్టుకోకపోయినా నష్టం లేదు. సిజేరియన్ అయితే డాక్టరు కుట్లు చూసి సరే అన్నాక. కట్టు తుంటి దగ్గర మొదలై పైకి రావాలి, కింద కాస్త బిగువు, పైకి పోయేకొద్దీ వదులు. పక్కటెముకల మీదికి ఎక్కకూడదు. లేచి తిరిగేటప్పుడు రెండు మూడు గంటలు పెట్టుకుని, అన్నం తినేటప్పుడు, కూర్చుని పాలిచ్చేటప్పుడు, పడుకునేటప్పుడు తీసేయాలి. కుట్ల మీది బట్ట తడిగా ఉంటే కట్టు వద్దు. రోజూ ఒకసారి కుట్లు ఎవరి చేతనైనా చూపించుకోండి, పొట్ట మడత కింద మనకు కనిపించదు. ఎర్రబడటం, చీము, వాసన, నొప్పి రోజురోజుకు పెరగడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆస్పత్రికి. బాలింత పచ్చి ఒళ్లు, గడప దాటకూడదని ఆపితే ఆగకండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో కట్టు మెల్లగా మానేయడమే సరైన పద్ధతి.

కట్టు కంటే ముందు మొదలుపెట్టవలసింది ఊపిరి. పడుకుని మోకాళ్లు మడిచి, బొడ్డు కింద చేయి పెట్టుకుని, ఊపిరి వదిలేటప్పుడు బొడ్డు వెన్ను వైపు మెల్లగా వెళ్లేట్టు పొట్టను లోపలికి తీసుకోండి, అయిదు అంకెలు, తర్వాత వదిలేయండి. మామూలు కాన్పు అయితే ఒకటి రెండు రోజుల్లోనే, సిజేరియన్ అయితే నొప్పి లేనంత మేరకు చేసుకోవచ్చు. అసలు నడికట్టు మన లోపలే ఉంది, పొట్ట చుట్టూ అడ్డంగా ఉండే ఆ కండరమే. దాన్ని లేపే పని ఇది.

ఎనిమిది వారాలు దాటాక అదే భంగిమలో తల కొద్దిగా ఎత్తి, బొడ్డు దగ్గర వేళ్లు అడ్డంగా పెట్టి చూడండి. మధ్యలో రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు తగిలినా, పొట్ట మధ్యలో గట్టులా పైకి పొడుచుకొచ్చినా పొట్ట కండరాలు ఇంకా విడిపోయి ఉన్నాయని అర్థం. అప్పుడు పడుకుని లేచే పొట్ట వ్యాయామాలు సొంతంగా మొదలుపెట్టకండి, ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. బెల్టుతో ఆ సందు పూడదు.

చివరగా, మీ అక్క బెల్టు. రెండేళ్లు అలమరలో ఉన్న ఎలాస్టిక్ పట్టు తప్పి ఉండొచ్చు. రెండు చేతులతో చాచి లాగి వదలండి. టక్కున మునుపటి పొడవుకు రావాలి. అంటించే పట్టీల్లో దారాలు, వెంట్రుకలు పేరుకుని ఉంటే పాత టూత్‌బ్రష్‌తో దులిపి, దగ్గినా ఊడకుండా అంటుకుంటుందో లేదో చూడండి. వెనక ప్లాస్టిక్ పుల్లలు ఉంటే విరిగి గుచ్చుకునేట్టు ఉన్నాయేమో తడిమి చూడండి. అన్నీ బాగుండి, మీ తుంటి కొలతకు సరిపోతే గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడలో ఆరేసి వాడుకోండి. అయితే అది కడుపుతో ఉన్నప్పుడు వాడినదో, పురుడయ్యాక పొట్టకు కట్టుకున్నదో ముందు అక్కను అడగండి. పక్కటెముకల నుంచి కిందిదాకా వెడల్పుగా ఉండే, పురుడయ్యాక కట్టుకునేదైతే ఇప్పుడు వద్దు, కాన్పుకు వెళ్లేటప్పుడు ఆస్పత్రి సంచిలో పెట్టుకోండి.